నాన్న సున్నం చల్లిన కుప్ప

పాసయ్యిందండీ! మా కుప్ప పాసయ్యింది! యార్డు మూయట్లేదు!

ఇందాకే మేనేజరుగారు ఆఫీసు వరండాలో నిలబడి కేక వేసి చెప్పారు. ఆయన కేక వేయగా నేనెప్పుడూ వినలేదు. పక్క కుర్చీలో మనిషికి కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా మాట్లాడతారు. ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. ఎరువుగా వాడుకోవచ్చని రాశారు. కాగితం చూశాను, ఆయనకి ఇచ్చేశాను, మళ్లీ లాక్కుని చూశాను. ఆ తర్వాత వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఫోన్ చేయాల్సినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ముందు నాన్నకి చేశాను. ఎత్తట్లేదు. ఆయన ఎత్తేలోగా ఇదంతా రాసి పెట్టేస్తాను. నోటితో చెప్తే ముందుది వెనక, వెనకది ముందు చెప్పేసేలా ఉన్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మాది పెదపాడు దగ్గర ఊరు. నాన్న చేపల చెరువుల మీద పని చేస్తాడు. కైకలూరు వైపు ఎవరు పిలిస్తే వాళ్ల చెరువుకి వెళ్తాడు. మేత సంచులు కడతాడు, వల లాగుతాడు, సున్నం చల్లుతాడు. ఊళ్లో ఆయన చర్చి సంఘపెద్ద కూడా. జీవితంలో మందు చుక్క ముట్టుకోలేదు. తాగొచ్చినవాడితో గుమ్మంలో నిలబడి కూడా మాట్లాడడు.

అలాంటాయన కూతురికి హార్టికల్చర్ డిగ్రీ అయ్యాక ఉద్యోగం ఎక్కడొచ్చిందంటే, తాడేపల్లిగూడెం అవతల ఒక వైన్ ఫ్యాక్టరీలో.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గరే మొదలెట్టారు. "పెద్దగారి అమ్మాయి బ్రాందీ కంపెనీలో చేరిందంట కదండీ" అని ఒకరు. "జీతం సీసాల్లో ఇస్తారా?" అని ఇంకొకరు. నాన్న ఇంటికొచ్చి నాతో ఒక్క మాట అన్నాడు.

"నీ ఉద్యోగం నీ ఇష్టమమ్మా. నేను మాత్రం ఆ గేటు దాటను."

"వైన్‌తో నాకు పని లేదు నాన్నా. పండు పిండేశాక మిగిలిన పిప్పితో నా పని. దాన్ని ఎరువు చేయాలి."

"పిప్పైనా దాందేగా."

అమ్మ వంటింట్లోంచి అందుకుంది. "చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చినప్పుడు మీరు తాగే ద్రాక్షరసం మటుకు ఆకాశంలోంచి పడుతోందా ఏంటి?"

"అది పులియంది" అన్నాడు నాన్న. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. నేను గూడెం వచ్చి హాస్టల్లో దిగాను.

ఆ పిప్పి గురించి చెప్పాలి. బయటినుంచి లారీల్లో ద్రాక్షపళ్లు వస్తాయి. పిండాక తొక్కలు, గింజలు, తొడిమలు గుట్టలుగా మిగిలిపోతాయి. ముట్టుకుంటే చెయ్యి ఊదారంగు అయిపోద్ది, సబ్బుకి కూడా వదలదు. కొత్తగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, తియ్యటి పులుపు వాసన. ఊరికే పోగేసి వదిలేస్తే కుళ్లి, అడుగునుంచి నల్లటి నీళ్లు కారి, చిన్న చిన్న దోమల్లాంటి ఈగలు మబ్బులా లేస్తాయి. నేను చేరకముందు అదే జరిగేది. లారీకెత్తి ఎక్కడో ఒకచోట గుంటలో పోసేవారు. వాన పడితే ఆ నీళ్లు బోదెల్లోకి, బోదెల్లోంచి డ్రెయిన్లోకి. మా వైపు ఏ డ్రెయిన్ అయినా చివరికి కొల్లేటికే కదా వెళ్లేది.

ఫ్యాక్టరీలో పిప్పి పోగేసే యార్డు కంచె అవతలే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారి ఇల్లు. పౌరోహిత్యం చేసుకునే ఇంటినుంచి వచ్చి బడి పంతులైన మనిషి. ఆయన భార్యకి ఆయాసం. ఆ వాసనకి ఆవిడ ఇబ్బంది పడుతుంటే మాస్టారు కంప్లైంటు పెట్టారు. తప్పేం లేదు, నేనైనా పెడతాను. తనిఖీకి ఆఫీసరుగారు వచ్చి చూసి తేల్చి చెప్పేశారు. మళ్లీ వచ్చేసరికి వాసన, కారే నీళ్లు తగ్గాలి. తయారైన ఎరువు ల్యాబ్‌లో పాసవ్వాలి. రెండిట్లో ఏది తప్పినా యార్డు మూసేయాలి.

మేనేజరుగారు నన్ను పిలిచి అన్నారు, "ఈ ఒక్క కుప్ప చూద్దామమ్మా. ఇది తేలితే యార్డు ఉంటుంది, నువ్వూ ఉంటావు. తేలకపోతే మళ్లీ లారీయే."

అంటే నా మొదటి ఉద్యోగం మొత్తం ఆ కుప్ప మీద కూర్చుంది.

కుప్పలో నేనేం వేశానంటే, పిప్పి, వరిగడ్డి, కోళ్లఫారాల నుంచి తెచ్చిన కోళ్ల ఎరువు, ఇంకా గుర్రపుడెక్క. కొల్లేటికోట వైపు కాలవలన్నీ అదే కదా, తీసినకొద్దీ పెరుగుతుంది. కాలేజీ ప్రాజెక్టులో నేను చేసింది దాని మీదే. ట్రాక్టరాయన ట్రక్కు నిండా తెచ్చి పోస్తే యార్డులో ఆడవాళ్లు నవ్వారు. "ఇదేంటండి పాపగారూ, మా ఊళ్లో ఉచితంగా పారేసేదాన్ని బండి కట్టి తెప్పించారా?" అని. వాళ్లలో పెద్దావిడని నేను అత్తా అని పిలుస్తాను. మా అమ్మ ఆవిడ నంబరు సంపాదించి, నేను అన్నం తిన్నానో లేదో రోజూ ఆవిడని అడుగుతుండేది. నన్ను అడిగితే నేను అబద్ధం చెప్తానంట.

మొదట్లో కుప్ప బాగా కాగింది. మంచి కుప్ప లోపల కాగుతుంది. గునపం గుచ్చి కాసేపు ఉంచి లాగితే చెయ్యి పెట్టలేనంత వేడిగా రావాలి. మాది అలాగే వచ్చేది. తనిఖీ దగ్గర పడుతున్న వారంలో ఎందుకో వేడి తగ్గింది. గుర్రపుడెక్క ఎండకి సరిగ్గా వాడిపోకుండానే వేసేశాం, తేమ ఎక్కువైపోయింది. పుల్లటి వాసన మొదలైంది. అడుగున నీళ్లు ఊరాయి. తిరగేసి, ఎండుగడ్డి కలిపితే రెండు మూడు రోజుల్లో సర్దుకునేదే. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసినా అన్నం సహించలేదు.

అత్త ఆ మాట అమ్మకి చెప్పేసింది. "కుప్ప పులిసిపోతోందమ్మా, పిల్ల ముద్ద ముట్టట్లేదు" అని. అమ్మ నాన్నకి చెప్పింది.

మర్నాడు నేను శాంపిల్ పట్టుకుని ఏలూరు వెళ్లాను. తేమ ఎంతుందో, పులుపు ఎంతుందో చూపించుకుని మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చాను. గేటు దగ్గర అత్త ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పాపా, ఎవరొచ్చారో చెప్పుకో. మీ నాన్న!"

నేను నమ్మలేదు. గేటు దాటనన్న మనిషి. ఒక్క పరుగున యార్డులోకి వెళ్లాను.

నాన్న కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా లుంగీ మడిచి, మొహానికి తువ్వాలు కట్టుకుని, మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు. కుప్ప కూడా తెల్లగా ఉంది. ఒక మూలనుంచి ఇంకో మూలకి, ఎక్కడా గడ్డ కట్టకుండా, జల్లెడ పట్టినట్టు సమానంగా. చెరువులో తెప్ప మీద నిలబడి చల్లినట్టే చల్లాడు. పక్కన రెండు ఖాళీ సున్నం బస్తాలు మడిచి పెట్టి ఉన్నాయి. మేత తేవడానికి గూడెం వస్తున్న చెరువు వాళ్ల వ్యాన్‌లో వేసుకొచ్చాడంట.

"ఏం చేశావు నాన్నా?"

"సున్నం కొట్టానమ్మా. అడుగు పులిసినప్పుడు సున్నం పడకపోతే చెరువైనా పోద్ది. చూడు, వాసన ఉందా ఇప్పుడు?"

నిజమే. పుల్లటి వాసన లేదు. నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. చిన్నప్పుడు నేను ప్రోగ్రెస్ కార్డు ఇచ్చి ఆయన మొహంలోకి చూసేదాన్ని, అలా.

కోళ్ల ఎరువు ఉన్న కుప్పలో సున్నం పడితే ఏమవుతుందో నాకు తెలుసు. కుప్పకి బలం నత్రజని. సున్నం తగిలితే ఆ నత్రజని అమ్మోనియా అయిపోయి గాల్లోకి లేచిపోద్ది. ఎరువులో సారం పోద్ది, చుట్టుపక్కల వాళ్లకి ఊపిరాడదు. ఎంతసేపట్లో మొదలవుతుందన్నదే ప్రశ్న.

ఎంతోసేపు పట్టలేదు. ముందు ముక్కులో సూది గుచ్చినట్టయింది. తర్వాత కళ్లు. అత్త కొంగు అడ్డం పెట్టుకుని "అమ్మో, ఇదేంటే" అంటూ వెనక్కి నడిచింది. నాన్న తువ్వాలు దించి పీల్చాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

ఎవరు రమ్మన్నారు నిన్ను అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ గేటు ఆయన దేనికి దాటాడో నాకు తెలుసు.

కంచె అవతలనుంచి మాస్టారి గొంతు. "ఏమ్మాయ్! ఇవాళేం కలిపారు? మా ఆవిడ మంచం మీదనుంచి లేవలేకపోతోంది! మనుషులుంటున్నారనుకున్నారా, లేదా?"

మేనేజరుగారు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. తెల్ల కుప్పని చూశారు, నాన్నని చూశారు, నన్ను చూశారు. "తనిఖీ ఈ వారంలోనే కదమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది.

"కొత్త పిప్పి కావాలండి" అన్నాను. "ఇవాళ పిండింది. ఒక ట్రక్కు."

"కొత్తది ఒక్క తట్ట కూడా యార్డులోకి రాకూడదని చెప్పాను కదమ్మా. మాస్టారి కంప్లైంటే దాని మీద."

"ఆయ్, చెప్పారండి. కానీ కొత్త పిప్పి బాగా పులుపు. పులుపు తగిలితే అమ్మోనియా కుప్పలోనే ఆగిపోద్ది. పాత పిప్పికి అంత పులుపు లేదు. ఇంకో దారి నాకు తెలీదండి."

"పని చేస్తుందని నీకు నమ్మకమేనా?"

పుస్తకంలో చదివాను, ఎప్పుడూ చేయలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన జేబురుమాలు అలాగే పట్టుకుని కుప్ప చుట్టూ నడిచొచ్చారు. అంతసేపూ కుప్ప పొగలా ఘాటు వదులుతూనే ఉంది, లోపల సారం పోతూనే ఉంది. చివరికి, "మాస్టారు ఒప్పుకుంటే తెప్పించు" అన్నారు.

నాన్న మా మాటలన్నీ విన్నాడు. పార తీసుకుని కుప్ప మీద తెల్లటి పొర గీకడం మొదలెట్టాడు.

నేను మాస్టారి గేటు దగ్గరికెళ్లి నిలబడ్డాను. దగ్గు బయటికి వినపడుతోంది.

"మా నాన్న సున్నం చల్లారండి. చెరువు పని చేస్తారు, చెరువుకి చేసినట్టే చేశారు. దాన్ని ఆపాలంటే కొత్త పిప్పి కలపాలండి. రెండు రోజులు పుల్లటి వాసన వస్తుంది. ఆ తర్వాత రాదు. మీరు ఒప్పుకుంటేనే."

మాస్టారి మొహం ఎర్రబడిపోయింది. "అంటే ఒక కంపు పోగొట్టడానికి ఇంకో కంపు తెస్తావు. దానికి నేను సంతకం పెట్టాలి. బాగుంది! ఎక్కడ చదివావమ్మా నువ్వు?"

లోపలనుంచి దగ్గు మధ్యలో ఆవిడ గొంతు వినపడింది. "ముందు ఆ పిల్లకి మంచినీళ్లివ్వండి. తర్వాత తిడుదురుగాని."

ఆయన లోపలికెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చారు. నేను తాగేదాకా తిట్టలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని మళ్లీ మొదలెట్టారు.

"రెండు రోజులంటున్నావు. మూడో రోజు కూడా వస్తే?"

"మీ కంప్లైంటు మీద నేనే సాక్షి సంతకం పెడతానండి."

"సరే. రెండు రోజులే" అన్నారాయన. ఆవిడ గుమ్మం దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఏలూరులో చెల్లెలింటికి రెండు రోజులు వెళ్లమని మాస్టారు అంటే, "నేనెందుకండీ వెళ్లడం? కుప్పని పంపించండి ఏలూరు" అంది. చివరికి మేనేజరుగారు తన కారు పంపిస్తే, ఇన్‌హేలరు, రెండు చీరలు సంచిలో పెట్టుకుని వెళ్లింది. వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి నాతో, "ఆయన మార్కులు తక్కువేస్తారు. బెంగపడకు" అంది. అదేంటో అప్పుడు అర్థం కాలేదు.

మాస్టారు వెళ్లలేదు. కంచె పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "పూటపూటకీ నేను వాసన చూసి మార్కులేస్తాను. వందకి. ముప్పై అయిదు దాటేదాకా నా దృష్టిలో మీరు ఫెయిలే."

పిప్పి ట్రక్కు వచ్చింది. ఒకళ్లం కుప్ప విప్పుతుంటే ఒకళ్లం తట్టలతో పోసి కలిపాం. కళ్లు మండిపోతున్నాయి, ఒకరి తర్వాత ఒకరం గాలి కోసం గేటు దాకా పరిగెత్తి వస్తున్నాం. నాన్న మటుకు కదల్లేదు. ఆ పిప్పి రసం లుంగీ మీద, చేతుల మీద, జుట్టులో. మందు పేరెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి అందులో మోకాళ్ల దాకా దిగబడి పార వేస్తున్నాడు. అంతా కలిపాక పైన గడ్డి పరిచి, దాని మీద పాత కంపోస్టు దుప్పటిలా కప్పాం. కళ్ల మంట కొంచెం తగ్గింది. తగ్గిందో, మాకే అలవాటైపోయిందో చెప్పలేను.

"మాస్టారూ, ఎన్నండి?" అని అత్త కంచె దగ్గరికెళ్లి అడిగింది.

"ఎనిమిది."

"వందకాండి?"

"పదికి అనుకున్నావా?"

నాన్న సాయంత్రం బస్సెక్కాడు. వెళ్లేముందు నాతో ఏదో అనబోయి, కుప్ప వైపు చూసి, "వేడెక్కుద్దా?" అన్నాడు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. సున్నానికి లోపలున్న సూక్ష్మజీవులు చచ్చిపోయుంటే ఏం కలిపినా లాభం లేదు. అది మట్టిదిబ్బే.

మిగతాది ఆ రాత్రి నేనింకా యార్డులో ఉండగా అమ్మ ఫోన్లో చెప్పింది. బస్సులో పక్కన కూర్చున్నాయన ముక్కు మూసుకుని వేరే సీట్లోకి వెళ్లిపోయాడంట. కండక్టరు, "ఏంటి బాబాయ్, పొద్దు గుంకకుండానే?" అన్నాడంట. ఆ రోజు ప్రార్థన కూటం. ఇంటికెళ్లి స్నానం చేస్తే ఆలస్యమైపోద్దని ఊదారంగు మరకలతో అలాగే వెళ్లి కూర్చున్నాడంట. గది మొత్తం వైన్ వాసన. అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారంట. పాస్టరుగారు మెల్లగా, "పెద్దగారూ, ఎక్కడినుంచండి రావడం?" అని అడిగారంట.

"మా అమ్మాయి ఆఫీసునుంచండి" అన్నాడంట నాన్న.

అమ్మ అది చెప్పి నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. గునపం కుప్పలో గుచ్చి ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. లాగి చూశాను. చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున చల్లగానే ఉంది. మధ్యాహ్నం కూడా. మాస్టారు పన్నెండు వేశారు. పుల్లటి వాసన ఉంది, ఘాటు తగ్గింది కాబట్టి నాలుగు మార్కులు ఎక్కువంట. ఆడవాళ్లు నా ముందు జోకులు మానేశారు. దానికి ఇంకా భయమేసింది. అత్త నా టిఫిన్ బాక్సు మూత తీసి చూసి, మళ్లీ మూత పెట్టి, అమ్మకి ఫోన్ చేయడానికి పక్కకి వెళ్లింది.

ఆ మర్నాడు నాన్న మళ్లీ వచ్చాడు. ఈసారి చేతుల్లో ఏమీ లేదు. గేటు దగ్గర ఆగలేదు కూడా. నేరుగా వచ్చి గునపం లాగి, ఇనుము మీద అరచెయ్యి పెట్టాడు. నేను ఆయన చెయ్యి చూడలేదు, మొహం చూశాను.

"గోరువెచ్చగా ఉందే" అన్నాడు.

నేను పట్టుకున్నాను. ఎండకి వేడెక్కిందేమో అనుకుని నీడలో పెట్టి, ఇంకో చోట గుచ్చి, మళ్లీ లాగాం. గోరువెచ్చగా ఉంది. సాయంత్రానికి వెచ్చగా. ఆ తర్వాతి పొద్దున గునపం లాగిన అత్త "అబ్బా!" అని వదిలేసింది, అది నా కాలి మీద పడాల్సింది. అందరం ఆ ఇనప ముక్క చుట్టూ నిలబడి చిన్నపిల్లల్లా నవ్వాం. మాస్టారు కుర్చీలోంచి లేచి, "ఏంటి గోల?" అన్నారు. చెప్పాం. "వేడికి మార్కుల్లేవు. వాసనకే" అని కూర్చున్నారు.

తనిఖీ రోజు ఆఫీసరుగారు జీపు దిగుతూనే ముక్కు ఎగబీల్చారు. కుప్ప చుట్టూ తిరిగారు. అడుగున కాలవలో నీళ్లు లేవు. అక్కడక్కడా తెల్ల మరకలు చూసి, "సున్నం వేశారా?" అన్నారు. వేశామన్నాను. ఎందుకని అడిగారు, ఎలా సరిచేశామో అడిగారు. అంతా వరసగా చెప్పాను. మేనేజరుగారు చేతులు కట్టుకుని నేల చూస్తున్నారు. ఆఫీసరుగారు విని తలూపి, సరాసరి కంచె దగ్గరికెళ్లారు.

"కంప్లైంటు మీదే కదండీ. ఇప్పుడు వాసన ఎలా ఉంది?"

మాస్టారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. లేచి నిలబడి, కంచె మీదికి వంగి, గాలి పీల్చారు. నా పక్కన అత్త లోపల్లోపల ఏదో ప్రార్థన చేస్తోంది. ఆయన ఒక్క మాట అంటే చాలు, ల్యాబ్ దాకా కూడా వెళ్లక్కర్లేదు.

"నలభై రెండు" అన్నారు.

"ఏంటండి?"

"పాసు. ఫస్ట్ క్లాసు కాదు. పాసు."

ఆఫీసరుగారికి అర్థమైందో లేదో గానీ, రాసుకున్నారు. "వాసన సంగతి సరే. కుప్ప మాగాక శాంపిల్ తీసుకుంటాం. అది ఎరువని ల్యాబ్ చెప్పకపోతే మాత్రం యార్డు ఉండదు" అని వెళ్లిపోయారు.

అక్కడినుంచి ఇవాళ్టి దాకా బతికిన బతుకు నాకే తెలుసు. వాసన పోగొట్టగలం, పోయిన నత్రజనిని వెనక్కి తేలేం కదా. ఎంత పోయిందో తెలీదు. కుప్ప కొంచెం మాగాక నేనే ఒక గిన్నెలో ఆ ఎరువు, ఇంకో గిన్నెలో మామూలు మట్టి వేసి మెంతులు చల్లాను. మట్టిలోవి లేచాయి. ఎరువులోవి లేచి, ఆకు చివర్లు పసుపుపచ్చగా మాడి, వాలిపోయాయి. ఆ గిన్నె ఎవరికీ చూపించలేదు. ఇంకా పచ్చిగా ఉంది, ఇంకొన్నాళ్లు మాగాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. తడిపాం, తిరగేశాం, ఆగాం. మళ్లీ చల్లాను. ఈసారి లేచాయి. వాలలేదు. అయినా శాంపిల్ సంచిలోకి ఇంకో పిడికెడు, ఇంకో పిడికెడు ఎరువు వేస్తూనే ఉన్నాను. మేనేజరుగారే ముడి వేశారు.

నాన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. హలో కూడా అనడు. "వచ్చిందా?" అంటాడు. రాలేదంటే "సరేనమ్మా" అని పెట్టేస్తాడు. చెరువు మీద సున్నం చల్లేటప్పుడు కూడా ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి కదులుతోందని, తెప్ప నడిపేవాళ్లు ఆటపట్టిస్తున్నారని అమ్మ చెప్పింది. "పెద్దగారూ, ఇది మీ అమ్మాయి కుప్ప కాదు, చేపలకే, ధైర్యంగా చల్లండి" అంటున్నారంట.

ఇవాళ వచ్చింది. నత్రజని ఉండాల్సినంత ఉంది. ఎక్కువేం లేదు, అంచు మీదే ఉంది. అంచు అయినా ఇవతలే ఉంది! మేనేజరుగారు అప్పుడే యార్డు పక్కన కుప్పలు వేయడానికి ఇంకో గట్టు వేయించే మాట మాట్లాడుతున్నారు. ఈ సీజన్లో పిప్పి ఒక్క లారీ కూడా బయటికి వెళ్లదంట. నా ఉద్యోగం ఉందాండి అని అడిగాను. "ఇదేం ప్రశ్నమ్మా, రేపు కొత్త కుప్ప ఎవరు వేస్తారు?" అన్నారు, మళ్లీ తన మామూలు గొంతుతో. మాస్టారికి కంచె మీదనుంచే చెప్పేశాను. ఆయన కాగితం తెప్పించుకుని, వేలు పెట్టి వరస వరసా చదివి, "నేను ఇంతకంటే తక్కువేసేవాణ్ని" అన్నారు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

అత్త. ఇవాళే సెలవు పెట్టింది, మనవరాలికి జ్వరమని. వినగానే ఆసుపత్రిలోనే కేక పెడుతుంది, కాబట్టి ముందు బయటికి రమ్మనాలి.

మాస్టారి భార్య. మళ్లీ ఏలూరులో చెల్లెలింట్లో ఉంది, ఈసారి డాక్టరుకి చూపించుకోవడానికి వెళ్లింది. ఇంక భయం లేకుండా ఇంటికి రావచ్చండీ అని చెప్పాలి.

కాలేజీలో మా ప్రాజెక్టు సారు. కొత్త పిప్పి సంగతి పుస్తకంలో ఉన్నట్టే జరిగిందండీ అని.

గుర్రపుడెక్క ట్రాక్టరాయన. ఒక ట్రక్కు కావాలి. ఈసారి కాలవ గట్టు మీద ఎండకి బాగా వాడిపోయాకే తెమ్మని రెండుసార్లు చెప్పాలి.

అమ్మ. నాన్న కంటే ముందు తనకి చెప్పానని తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. తనకి వెనక చెప్పానని తెలిస్తే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది.

నాన్న. ఇంకా ఎత్తట్లేదు. చెరువులో దిగుంటాడు. మళ్లీ చేస్తున్నాను.